వెలుగును, నీడను ఒకే చిత్రంలో నిలిపిన కథ

డిసెంబరు ఉదయాన కొల్లేటి గట్టు మీద నిలబడి తూర్పుదిక్కు చూచేవారికి ఒక్క చూపులో ఎన్నో వస్తువులు కనబడతాయి. ఎఱ్ఱబారిన మబ్బుల అంచులు, వాటి ప్రతిబింబంతో మెరిసే నీరు, గుర్రపుడెక్కను తప్పించుకొంటూ సాగే తాటిదోనె, ఆ దోనె మీది మనిషి ముఖం, పక్కనే నీడలో ఉన్న జమ్ముదుబ్బులోని కొంగ, ఇవన్నీ కంటికి స్పష్టంగానే ఉంటాయి. ఆ దృశ్యాన్నే కెమెరాతో తీస్తే రెండింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఆకాశం చక్కగా వస్తే దోనె, మనిషి, జమ్ము అన్నీ నల్లని మరకలై పోతాయి. జమ్ము, మనిషి ముఖం చక్కగా వస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడవలె తెల్లబోతుంది. కంటికి సాధ్యమైనది కెమెరాకు ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్న ఛాయాగ్రహణం పుట్టిననాటి నుండి ఉన్నది. దానికి జవాబు వెదకిన కథలో ఆంధ్రదేశానికి కూడా స్థానమున్నది.

ఒక దృశ్యంలో అన్నిటికంటె ప్రకాశవంతమైన భాగానికి, అన్నిటికంటె చీకటి భాగానికి మధ్యగల నిష్పత్తిని ఆ దృశ్యపు కాంతివ్యాప్తి అనవచ్చును. ఆ వ్యాప్తి మరీ ఎక్కువైనప్పుడు కూడా వెలుగులోని వివరం, నీడలోని వివరం రెండూ పోకుండా చిత్రించే పద్ధతినే నేడు హై డైనమిక్ రేంజ్ ఛాయాగ్రహణం అంటున్నారు. క్లుప్తంగా హెచ్.డి.ఆర్. అని వ్యవహారం. పేరు కొత్తదే గాని సమస్య పాతది.

కన్ను, గిన్నె

మిట్టమధ్యాహ్నపు ఎండలో నేల మీద పడే కాంతి సుమారు ఒక లక్ష లక్సులు. పున్నమి వెన్నెల సుమారు పావు లక్సు. అనగా రెండింటికీ నాలుగు లక్షల రెట్ల తేడా ఉన్నది. అయినా మనం ఎండలోనూ నడుస్తాం, వెన్నెలలోనూ నడుస్తాం. కంటిపాప వెలుగులో చిన్నదై, చీకటిలో పెద్దదవుతుందని విద్యార్థులు చదివి ఉంటారు. కాని పాప వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్ల నుండి 8 మిల్లీమీటర్ల వరకే మారగలదు. దానివలన లోనికి వచ్చే కాంతి 16 రెట్లు మాత్రమే మారుతుంది. మిగిలిన పని అంతా నేత్రపటలం, మెదడు కలిసి చేస్తాయి. నేత్రపటలంలోని ఒక్కొక్క ప్రాంతం తనమీద పడే వెలుగుకు తగినట్లు తన సున్నితత్వాన్ని మార్చుకొంటుంది. పైగా మన చూపు ఒకచోట నిలువదు. మబ్బును చూచినప్పుడు ఒక విధంగా, జమ్మును చూచినప్పుడు మరొక విధంగా కన్ను సర్దుకొంటుంది. ఆ ముక్కలన్నీ మెదడులో ఒకే దృశ్యంగా కూడుతాయి.

కెమెరా చేసే పని ఇందుకు భిన్నమైనది. ఆరుబయట వానలో ఒకే పరిమాణంగల గిన్నెలను వరుసగా పెట్టినామనుకొందాం. వాన ఉధృతంగా పడేచోట గిన్నె నిండి పొర్లిపోతుంది. ఆ మీదట ఎంత నీరు పడినా అది చెప్పలేదు. చెట్టు క్రింద ఉన్న గిన్నెలో రెండు చుక్కలే పడితే, అవి వానచుక్కలో, గిన్నెకు ముందే ఉన్న తడియో తెలియదు. కెమెరాలోని ఫిలిం రేణువులు గాని, నేటి డిజిటల్ కెమెరాలోని సంవేదక బిందువులు గాని ఇట్టి గిన్నెలే. అన్నిటికీ ఒకే వ్యవధి. ఆ వ్యవధిని ఛాయాగ్రాహకులు ఎక్స్‌పోజరు కాలం అంటారు. కాలం తగ్గిస్తే నీడ భాగపు గిన్నెలు ఎండిపోతాయి. కాలం పెంచితే వెలుగు భాగపు గిన్నెలు పొర్లిపోతాయి.

కాంతిని రెట్టింపు చేయడాన్ని గాని, సగం చేయడాన్ని గాని ఒక స్టాప్ అంటారు. పది స్టాపులంటే రెండును పదిసార్లు హెచ్చవేయగా వచ్చిన 1024 రెట్లు. మంచి నలుపు తెలుపు నెగెటివ్ సుమారు పది స్టాపుల వ్యాప్తిని పట్టుకోగలదు. నేటి మేలురకపు డిజిటల్ సంవేదకాలు 12 నుండి 14 స్టాపుల వరకు పోగలవు. కాని నిగనిగలాడే ముద్రణ కాగితంలో తెల్లని భాగం నల్లని భాగం కంటె సుమారు నూరు రెట్లే ఎక్కువ కాంతిని పరావర్తనం చేస్తుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. దృశ్యంలోని వ్యాప్తిని పట్టుకొనడం మొదటిది. పట్టుకొన్నదానిని ఇరుకైన కాగితం మీద ఇమడ్చడం రెండవది. ఈ రెండింటినీ వేరువేరుగా చూడగలిగితేనే తరువాతి కథ బోధపడుతుంది.

ఆకాశం లేని చిత్రాలు

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో వాడుకలో ఉన్న కాగితపు నెగెటివ్‌లకు, కొలోడియన్ పలకలకు నీలికాంతి అంటే మిక్కుటమైన ఆసక్తి. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చలను అవి చాలవరకు గుర్తించలేవు. అందువలన నేలను సరిగా తీయడానికి కావలసినంత సేపు పలకను తెరచి ఉంచితే నీలాకాశం, అందులోని మబ్బులు పూర్తిగా తెల్లబోయేవి. ఆనాటి దృశ్యచిత్రాలలో చాలావాటికి ఆకాశం లేకపోవడానికి కారణం ఇదే.

ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికి ఇద్దరు రెండు దారులు పట్టినారు. 1856 నుండి 1860 వరకు మదరాసు రాజధాని ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా ఉన్న కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ తన నెగెటివ్‌ల మీద కుంచెతో రంగు పూసి, లేని మబ్బులను కల్పించినాడు. ఫ్రాన్సు దేశస్థుడైన గుస్తావ్ లె గ్రే 1856, 1857 సంవత్సరాలలో సముద్ర దృశ్యాలను తీసి పారిస్, లండన్ నగరాలను ఆశ్చర్యపరచినాడు. కెరటాలకు ఒక నెగెటివ్, ఆకాశానికి మరొక నెగెటివ్ వేరువేరు కాలాలతో తీసి, దిగంతరేఖ వద్ద రెండింటిని కలిపి ఒకే కాగితం మీద ముద్రించడం ఆయన ఉపయోగించిన పద్ధతులలో ఒకటి. ఒకే ఆకాశాన్ని ఆయన వేరువేరు సముద్రాల మీద కూడా వాడినాడు.

ట్రైప్ మబ్బులు చేతిరాత. లె గ్రే మబ్బులు నిజమైన మబ్బులే గాని, అవి ఆ సముద్రం మీద, ఆ క్షణాన ఉన్నవని చెప్పలేము. చిత్రం అందంగా ఉంటే చాలుననుకొనేవారికి ఈ రెండూ చాలును. చిత్రం సాక్ష్యం చెప్పవలసివస్తే చాలవు. అట్టి సాక్ష్యం అవసరమైన రోజు త్వరలోనే వచ్చింది.

గుంటూరులో ఆరు పలకలు

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినది. దాని ఛాయ వనపర్తి, గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగింది. మదరాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ కొల్లేటికి దక్షిణాన ఉన్న మచిలీపట్నంలోను, ఆ వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను గ్రహణాన్ని పరిశీలించినారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుని అంచున లేచే జ్వాలలను పరీక్షించి, అవి ఉజ్జ్వలమైన వాయువులని తేల్చినాడు. గ్రహణం లేకపోయినా ఆ జ్వాలలను చూడవచ్చునని మరునాడు ఆయన గుంటూరులోనే నిరూపించినాడు. ఆ జ్వాలల వర్ణపటంలోని పసుపుపచ్చని గీతయే తరువాత హీలియమ్ అనే మూలకం గుర్తింపుకు దారితీసినది. ఇది మన పాఠ్యపుస్తకాలలో ఉన్న కథ.

అంతగా ప్రసిద్ధి పొందని కథ మరొకటి గుంటూరులోనే జరిగినది. మేజర్ జేమ్స్ టెన్నెంట్ నాయకత్వాన వచ్చిన ఆంగ్ల బృందం వెండిపూత దర్పణంగల దూరదర్శినికి కెమెరాను అమర్చి గ్రహణాన్ని ఫోటో తీయడానికి పూనుకొన్నది. నాటి కొలోడియన్ పలకను తడి ఆరకముందే వాడవలెను. గాజుపలక మీద కొలోడియన్ పోసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడిగానే కెమెరాలో ఉంచి, తీసిన వెంటనే చీకటిగుడారంలో రసాయనంతో కడుగవలెను. ఈ పనులన్నీ కొద్ది నిమిషాలలో ముగియవలెను. గుంటూరు ఆగస్టు ఉక్కలో ఇది ఎంత కష్టమో ఊహించవచ్చును. సంపూర్ణ గ్రహణం ఉన్నది ఆరు నిమిషాలకు లోపు. ఆ వ్యవధిలో ఆరు పలకలు తీసినారు. ఆకాశాన పలుచని మబ్బుతెర అడ్డుపడినది.

పలకలలో జ్వాలలు చక్కగా వచ్చినాయి. వాటిలో కొమ్మువలె పైకి లేచిన ఒక మహాజ్వాల ప్రత్యేకంగా ప్రసిద్ధికెక్కినది. కాని వాటి వెనుక వెండివలె విస్తరించే సూర్యకిరీటం, అనగా కరోనా, సరిగా రాలేదు. కారణం మనకిప్పుడు తెలిసినదే. సూర్యబింబం కంటె కరోనా మొత్తం సుమారు పదిలక్షల రెట్లు మందమైనది. దాని మొత్తపు వెలుగు నిండు చంద్రుని వెలుగుకు మించదు. పైగా ఆ కరోనాలోనే బింబపు అంచు వద్ద ఉన్న ప్రకాశానికి, అక్కడినుండి ఒక సూర్యవ్యాసం దూరాన ఉన్న ప్రకాశానికి వేయిరెట్ల ప్రాంతంలో తేడా ఉన్నది. జ్వాలలకు సరిపోయే కాలం లోపలి కరోనాకు చాలదు. లోపలి కరోనాకు సరిపోయేది బయటి కరోనాకు చాలదు. బయటి దానికి సరిపడేంత సేపు తెరిస్తే లోపలి గిన్నెలు పొర్లిపోతాయి. ఆరుబయట మానవునికి ఎదురయ్యే దృశ్యాలలో ఇంతకంటె కఠినమైన పరీక్ష అరుదు.

ఆనాడు కరోనా గురించి ఒక మౌలికమైన సందేహం ఇంకా తీరలేదు. అది సూర్యునికి చెందినదా, లేక భూమి వాతావరణంలోనో చంద్రుని అంచుననో ఏర్పడే వెలుగు మాత్రమేనా? చూచినవారు చేతితో గీసిన బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. ఫోటోయే ఈ తగవు తీర్చవలెను. 1871 డిసెంబరు 12న దక్షిణభారతంలో మళ్ళీ సంపూర్ణ గ్రహణం వచ్చింది. లార్డ్ లిండ్సే పంపిన బృందం పడమటి తీరాన బేకల్‌లోను, టెన్నెంట్ నీలగిరులలోని దొడ్డబెట్ట మీదను పలకలు తీసినారు. దూరదూరంగా ఉన్న ఈ రెండు చోట్ల తీసిన చిత్రాలలో కరోనా రేఖలు ఒకేవిధంగా ఉన్నాయి. అది భూవాతావరణపు మాయ అయితే రెండు చోట్లా ఒకే రూపం ఉండడానికి వీలులేదు. కరోనా సూర్యునిదేనని స్థిరపడింది.

ఆ పలకలలో కూడా ఏ ఒక్కటీ పూర్తి కరోనాను చూపలేదు. ఒకదానిలో లోపలి భాగం స్పష్టం, మరొకదానిలో బయటి కిరణాలు స్పష్టం. అప్పుడు డబ్ల్యు. హెచ్. వెస్లీ అనే చిత్రకారుడు నెగెటివ్‌లను పక్కపక్కన ఉంచుకొని, ఒక్కొక్కదానిలో నిజంగా కనబడే వివరాన్ని ఏరి, ఒకే చిత్రంగా గీసినాడు. అది 1879లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సంపుటంలో వెలువడినది. వెస్లీ ట్రైప్ వలె కల్పన చేయలేదు. లె గ్రే వలె వేరొక ఆకాశాన్ని తెచ్చి అతికించలేదు. ఒకే దృశ్యానికి చెందిన వేరువేరు సాక్ష్యాలను కూర్చినాడు. నేటి హెచ్.డి.ఆర్. పద్ధతిలోని మూలసూత్రం ఇదే. అయితే ఆయన చేతిలో ఉన్నది పెన్సిలు, కొలబద్ద కాదు. ఏ బిందువు ఎంత ప్రకాశవంతమో ఆయన చిత్రం చెప్పలేదు.

వక్రరేఖ వచ్చిన తరువాత

ఆ కొలబద్ద ఇంగ్లండులోని విడ్నెస్ అనే పారిశ్రామిక పట్టణంలో తయారయినది. అక్కడి రసాయన కర్మాగారాలలో పనిచేసే ఫెర్డినాండ్ హర్టర్ అనే రసాయనవేత్త, వీరో డ్రిఫీల్డ్ అనే ఇంజనీరు తీరిక వేళలలో ఫోటోలు తీసేవారు. పలక మీద పడిన కాంతికి, దానివలన ఏర్పడే నలుపుకు గల సంబంధం ఏమిటో కొలిచి, 1890లో ప్రకటించినారు. ఎక్స్‌పోజరు లాగరిథమ్‌ను అడ్డంగాను, నలుపు సాంద్రతను నిలువుగాను గుర్తించి గీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. మొదట అది మెల్లగా లేస్తుంది. నడుమ తిన్నగా సాగుతుంది. చివర మళ్ళీ వంగి చదునవుతుంది. తిన్నని భాగంలో పడినంతవరకు దృశ్యంలోని తేడాలు పలకమీద తేడాలుగా నిలుస్తాయి. రెండు కొసల వద్ద తేడాలు నలిగిపోతాయి. గిన్నె ఎండిపోవడం, పొర్లిపోవడం అని మనం చెప్పుకొన్నది ఈ రెండు కొసలే.

ఈ జ్ఞానాన్ని ఆరుబయట ఛాయాగ్రాహకుని చేతికి అందించినవారు అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌లు. 1940 ప్రాంతంలో వారు రూపొందించిన మండల పద్ధతిలో నిండు నలుపు నుండి నిండు తెలుపు వరకు పదకొండు మెట్లున్నాయి. మెట్టుకు మెట్టుకు ఒక స్టాప్ తేడా. దృశ్యంలోని ఏ భాగం ఏ మెట్టు మీద ఉండవలెనో తీయడానికి ముందే నిర్ణయించుకోవలెను. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయాన్ని తీసేవేళ ఆడమ్స్‌కు కాంతిమాపకం చేతికి చిక్కలేదు. చంద్రుని ప్రకాశం ఎంతో ఆయనకు గుర్తున్నది. దానినిబట్టి కాలం లెక్కకట్టి, వెలుగు తగ్గిపోయేలోపున ఒకే ఒక నెగెటివ్ తీసినాడు. అది ఆయన చిత్రాలలో మిక్కిలి పేరుపొందినది.

ఒకే పలకకు పట్టని వ్యాప్తికి మరి రెండు ఉపాయాలు వచ్చినాయి. అణువిస్ఫోటనాలను చిత్రించవలసిన చార్లెస్ వైకాఫ్ వేరువేరు వేగాలుగల మూడు పొరలను ఒకే ఫిలిం మీద పేర్చినాడు. అతివేగమైన పొర మందకాంతిని పట్టుకొంటే, అతిమందమైన పొర తీవ్రకాంతిని పట్టుకొంటుంది. దీని వ్యాప్తి సుమారు పదికోట్ల రెట్లు. ఇక గోర్డన్ న్యూకర్క్ అనే సౌరశాస్త్రజ్ఞుడు ఫిలింకు ముందు ఒక గుండ్రని వడపోత గాజును ఉంచినాడు. అది నడుమ చిక్కగా, అంచులకు పోనుపోను పలుచగా ఉంటుంది. లోపలి కరోనా వెలుగును ఎక్కువగా, బయటి కరోనా వెలుగును తక్కువగా అడ్డుతుంది. 1966 నవంబరు 12న బొలీవియాలో ఈ కెమెరా మొదటిసారి కరోనాను లోపలినుండి బయటివరకు ఒకే ఫిలిం మీద నిలిపినది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మళ్ళీ తెలుగునేల మీద సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల కూడా ఆ ఛాయలోనే ఉన్నది. అమెరికాలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ బృందం అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం గ్రామంలో న్యూకర్క్ కెమెరాతో కరోనాను తీసినది. రఘునాథాచారి 1868లో గ్రహణం చూచిన వనపర్తి అక్కడికి ఎంతో దూరం కాదు. గుంటూరు పలకలు చూపలేకపోయిన కిరణాలు 112 సంవత్సరాల తరువాత పాలెం చిత్రంలో నలుదిక్కులా విచ్చుకొన్నాయి. ఆనాడు భయంతో తలుపులు మూసుకొని ఎందరో ఇంటిలోనే ఉండిపోయినారు. ఒకే ఆకాశం కొందరికి అపశకునం, కొందరికి కొలత.

ఫిలిం పోయి అంకెలు వచ్చినాయి

1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్‌లు సి.సి.డి.ని రూపొందించిన తరువాత కాంతిని నేరుగా విద్యుదావేశంగా, ఆపై అంకెలుగా మార్చడం సాధ్యమైనది. అంకెలను కూడవచ్చును, భాగించవచ్చును. కనుక వెస్లీ పెన్సిలుతో చేసినదానిని గణితంతో చేయవచ్చుననే ఆలోచన సహజంగానే కలిగింది. 1995లో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్‌లు వేరువేరు ఎక్స్‌పోజర్లతో తీసిన చిత్రాలను కలిపే పద్ధతిని వివరించినారు. 1997లో పాల్ డెబెవెక్, భారతదేశంలో జన్మించిన జితేంద్ర మాలిక్‌లు ఆ చిత్రాలనుండే కెమెరా వక్రరేఖను కంప్యూటరుతో రాబట్టి, దానిని విలోమంగా వాడి, దృశ్యంలోని ప్రతి బిందువు ప్రకాశాన్ని లెక్కకట్టే విధానం చూపినారు. హర్టర్, డ్రిఫీల్డ్‌ల వక్రరేఖ వంటిదే ఇది.

ఈ లెక్క హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. ఒక కెమెరా కాంతిని 0 నుండి 255 వరకు అంకెలతో, అనులోమానుపాతంగా సూచిస్తుందనుకొందాం. ఒకే దృశ్యాన్ని సెకనులో 1000వ వంతు, 250వ వంతు, 60వ వంతు కాలాలతో మూడుసార్లు తీసినాము. నీటిమీది ఒక బిందువుకు వరుసగా 10, 40, 167 వచ్చినవి. ఒక్కొక్కదానిని దాని కాలంతో భాగిస్తే మూడింటికీ సెకనుకు సుమారు 10,000 వస్తుంది. మూడు సాక్ష్యాలూ ఏకీభవించినాయి. మబ్బులోని బిందువుకు మొదటి చిత్రంలో 200 వచ్చింది. రెండవ చిత్రంలో 800 రావలెను గాని గిన్నె 255 వద్దనే నిండిపోయింది. కనుక రెండవ, మూడవ సాక్ష్యాలను త్రోసిపుచ్చి మొదటిదానినే గ్రహించవలెను. జవాబు 2,00,000. జమ్ము నీడలోని బిందువుకు మొదటి చిత్రంలో ఒకటి కూడా రాలేదు, మూడవ చిత్రంలో 12 వచ్చింది. దానిని నమ్మితే జవాబు 720. మబ్బుకు, జమ్ముకు గల నిష్పత్తి సుమారు 278. ఏ ఒక్క చిత్రమూ నమ్మకంగా ఇవ్వలేని ఈ సంఖ్యను మూడూ కలిసి ఇచ్చినాయి. పొర్లిన గిన్నెను, ఎండిన గిన్నెను నమ్మకపోవడం, నడుమ ఉన్నవాటిని నమ్మడం, ఇంతే ఇందులోని కిటుకు.

ఇంతటితో మొదటి చిక్కు విడిపోయింది. రెండవది మిగిలి ఉన్నది. ఇంత వ్యాప్తిగల అంకెలను కాగితం మీదనో, తెరమీదనో ఎట్లా ఇమడ్చడం? ఈ కుదింపును టోన్ మ్యాపింగ్ అంటారు. 2002లో రైన్‌హార్డ్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ప్రసిద్ధ పద్ధతికి ఆడమ్స్ మండల పద్ధతియే ప్రేరణ. దృశ్యం మొత్తానికి ఒకే నియమం వర్తింపజేయడం ఒక మార్గం. కంటివలె ఒక్కొక్క ప్రాంతాన్ని దాని పరిసరాలనుబట్టి సర్దడం మరొక మార్గం. ఈ రెండవదానిని మితిమీరి వాడితే కొబ్బరిచెట్ల చుట్టూ తెల్లని వలయాలు, పొగబారిన మబ్బులు, పగటికీ రాత్రికీ చెందని రంగులు పుట్టుకొస్తాయి. హెచ్.డి.ఆర్. అంటే కొందరికి ఏవగింపు కలగడానికి కారణం ఈ అతియే. ప్రకాశాన్ని లెక్కకట్టడం కొలత. దానిని కుదించడం మాత్రం ఎంపిక. ఎంపిక చేసేవాని రుచి, నిజాయితీ అక్కడ బయటపడతాయి.

2010లో యాపిల్ సంస్థ, 2013లో గూగుల్ సంస్థ తమ ఫోనులలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టినాయి. గూగుల్ పద్ధతిలో తక్కువ కాలంతో వరుసగా తీసిన అనేక చిత్రాలను కూడుతారు. ఏ గిన్నే పొర్లదు. నీడలోని చుక్కలను కూడగా కూడగా అసలు వాన తేలుతుంది, గిన్నె తడి తగ్గిపోతుంది. నేడు ఫోనుతో ఫోటో తీసే విద్యార్థి తనకు తెలియకుండానే ఈ చరిత్రకంతా వారసుడు.

కొల్లేటి గట్టున ఆరంభం

తెలిసి చేయదలచిన వారికి ఏలూరు పరిసరాలు మంచి ప్రయోగశాల. కావలసినవి ఎక్కువ లేవు. షట్టరు కాలాన్ని స్వయంగా మార్చుకొనే వీలున్న కెమెరా, కదలని ముక్కాలిపీట. ఫోనులో కూడా కాలం మార్చే వీలుంటే అదియూ చాలును.

మొదట ముక్కాలిపీటను గట్టి నేలపై నిలపవలెను. చిత్రాలన్నీ ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చుండవలెను గదా. కాంతిద్వారాన్ని ఎఫ్ 8 వంటి ఒకే విలువ వద్ద స్థిరపరచవలెను. దానిని మారిస్తే స్పష్టత పరిధి మారిపోయి చిత్రాలు పొసగవు. మార్చవలసినది షట్టరు కాలం ఒక్కటే. సున్నితత్వ సంఖ్యను 100 వద్ద, ఫోకసును, రంగుల సమతను కూడా మారకుండా ఉంచవలెను. వీలైతే రా ఫైలుగా దాచవలెను. అందులోని అంకెలు కాంతికి అనులోమంగా ఉంటాయి గనుక పైన చేసిన లెక్క నేరుగా వర్తిస్తుంది.

తరువాత కెమెరా చెప్పిన కాలంతో ఒకటి, దానికి నాలుగవ వంతు కాలంతో ఒకటి, నాలుగు రెట్లతో ఒకటి తీయవలెను. అనగా రెండేసి స్టాపుల తేడా. చాలా కెమెరాలలో బ్రాకెటింగ్ అనే సదుపాయం ఈ మూడింటిని తానే వరుసగా తీస్తుంది. అన్నిటికంటె తక్కువ కాలపు చిత్రంలో మబ్బులు తెల్లబోకుండా ఉన్నాయా, అన్నిటికంటె ఎక్కువ కాలపు చిత్రంలో నీడలు తెరచుకొన్నాయా అని హిస్టోగ్రామ్‌లో చూచుకోవలెను. చాలకపోతే మరి రెండు తీయవలెను. కామవరపుకోట సమీపాన ఉన్న గుంటుపల్లి బౌద్ధగుహలకు వెళ్ళినవారు అక్కడి గుండ్రని చైత్యగృహాన్ని చూచి ఉంటారు. చెక్కవాసాలను పోలినట్లు రాతిలో తొలిచిన దాని కప్పును, ద్వారం అవతలి ఎండను ఒకే చిత్రంలో చూపవలెనంటే మూడు చాలవు. ఐదు గాని, ఏడు గాని కావలెను. రాయి కదలదు కనుక ఆరంభకులకు అంతకంటె మంచి విషయం లేదు.

కొల్లేటిలో చిక్కు వేరు. అక్కడ అన్నీ కదులుతాయి. గాలికి జమ్ము ఊగుతుంది, దోనె ముందుకు పోతుంది, ఆటపాకలో పెలికాన్లు ఎగురుతాయి. మూడు చిత్రాలలో మూడుచోట్ల ఉన్న పక్షి కలిపిన చిత్రంలో మూడు దయ్యాలుగా కనబడుతుంది. కనుక గాలి నిలిచిన వేళనే పని మొదలుపెట్టవలెను. ఎగిరే పక్షికి ఈ పద్ధతి పనికిరాదు. దాని తెల్లని ఈకలు పొర్లిపోకుండా ఒకే చిత్రం తీయడం మేలు. మంచు క్రమ్మిన ఉదయాన దృశ్యపు వ్యాప్తి తానే తగ్గిపోతుంది. అప్పుడు మూడు చిత్రాల అవసరమే లేదు. ఎప్పుడు వాడకూడదో తెలియడం కూడా విద్యయే.

ఒక హెచ్చరిక. సూర్యుని వైపు కెమెరా త్రిప్పినప్పుడు కటకంలోనుండి కంటితో సూటిగా చూడరాదు. దూరపు కటకాలు ఎండను కేంద్రీకరించి కంటిని శాశ్వతంగా చెరుపుతాయి. సూర్యోదయాన్ని తెరమీదనే చూడవలెను. బింబం పైకి లేచిన పిమ్మట చిత్రం మానవలెను.

ఇది వినోదానికే గాక మరొక ప్రయోజనానికి కూడా పనికివస్తుంది. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాకు ఎక్కినది. సరస్సు గర్భంలో అక్రమంగా వెలసిన చేపల చెరువులను 2006లో పెద్దఎత్తున తొలగించినారు. నీరు ఎంత, చెరువుగట్లు ఎన్ని, జమ్ము ఎంత, గుర్రపుడెక్క ఎంతవరకు క్రమ్మినది అన్న వాదాలు ఈనాటికీ ముగియలేదు. ఒక పాఠశాల విద్యార్థులు ఒకే చోటినుండి, ఒకే దిక్కుకు, ఏటా ఒకే నెలలో చిత్రాలు తీసి, తేదీ, వేళ, ఎక్స్‌పోజరు కాలాలు వ్రాసి దాచినారనుకొందాం. పదేళ్ళకు అది సరస్సు చరిత్రలో ఒక సాక్ష్యమవుతుంది. అయితే నీడలోని జమ్ము నల్లబోయి, వెలుగులోని నీరు తెల్లబోయిన చిత్రం ఏ సాక్ష్యమూ చెప్పలేదు. లేని మబ్బులు, లేని రంగులు పూసిన చిత్రం దొంగసాక్ష్యం చెబుతుంది.

కాబట్టి ఈ పని నేర్పే ఉపాధ్యాయులు ఒక నియమం పెట్టుకొనడం మంచిది. కలిపిన చిత్రంతోపాటు కలపకముందు తీసిన మూడు చిత్రాలను కూడా తప్పక దాచవలెను. కుదింపులో ఎవరి రుచి ఎట్లా ఉన్నా, మూల సాక్ష్యాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఎవరైనా, ఎప్పుడైనా వాటిని మళ్ళీ లెక్కకట్టి సరిచూచుకోవచ్చును.